వెంట్రుకల సంగతి తర్వాత, ముందు మోకాళ్ళ సంగతి చూడండి

ప్రశ్న: హైదరాబాద్‌లో ఉంటాను. ఈ మధ్యే ఒక హార్డ్‌టెయిల్ (వెనక షాకులు లేని) మౌంటెన్ బైక్ కొన్నాను. శని, ఆదివారాల్లో అనంతగిరి వైపు వెళ్తున్నాం. రోడ్ సైకిల్ తొక్కే ఫ్రెండ్స్ కాళ్ళు షేవ్ చేసుకోమంటున్నారు. అలా చేస్తే దెబ్బలు త్వరగా మానతాయట, ఇన్ఫెక్షన్ రాదట. ఇంట్లో చెబితే నవ్వుతున్నారు. పోయిన వారం కాలు జారి పెడల్ తగిలి మోకాలి కింద చర్మం లేచిపోయింది. షేవ్ చేసుకోవాలా? ప్యాడ్లు కొనాలా? కొంటే ఎలాంటివి?

జవాబు: షేవింగ్ చేసుకోకపోతే మీకు పోయేదేమీ లేదు. ప్యాడ్లు లేకుండా తిరిగితే మాత్రం ఏదో ఒక రోజు మోకాలు పగలగొట్టుకుంటారు. ఇక మీకు ఇప్పుడు తగిలింది పెడల్ దెబ్బ. దాని సంగతి షేవింగ్‌తోనూ తేలదు, ఖరీదైన మోకాలి ప్యాడ్‌తోనూ తేలదు. ముందు మీ బూట్లు, పెడల్స్ చూసుకోవాలి. నేను కొన్నేళ్ళు కాలిఫోర్నియాలో తొక్కాను, ఆ తర్వాత నుంచి హైదరాబాద్ చుట్టుపక్కల తొక్కుతున్నాను. రెండు చోట్లా కొత్తగా వచ్చినవాళ్ళు అడిగేది ఇదే, వాళ్ళకు దొరికే సలహాలూ ఇవే. కాస్త వివరంగా రాస్తాను.

మీ రోడ్ ఫ్రెండ్స్ చెప్పింది వాళ్ళ వరకు సబబే. రోజూ మసాజ్ చేయించుకునే రేసర్లకు వెంట్రుకలు ఉంటే నొప్పి. తారు రోడ్డు మీద గంటకు 40 కిలోమీటర్ల వేగంతో పడితే తొడ నుంచి పిక్క దాకా తోలు దోక్కుపోతుంది. దాని మీద టేపు, డ్రెస్సింగ్ వేయడం, మళ్ళీ ఊడదీయడం వెంట్రుకలు లేకపోతే తేలిక. గాలి లెక్క కూడా ఒకటుంది. కాలిఫోర్నియాలోని మోర్గన్ హిల్‌లో స్పెషలైజ్డ్ అనే సైకిళ్ళ కంపెనీకి సొంత విండ్ టన్నెల్, అంటే గాలి ఎంత అడ్డుకుంటుందో కొలిచే సొరంగం, ఉంది. 2014లో అక్కడ కొందరు రైడర్లను షేవింగ్‌కు ముందు ఒకసారి, తర్వాత ఒకసారి పరీక్షించారు. 40 కిలోమీటర్ల టైమ్ ట్రయల్‌లో (ఒక్కొక్కరే గడియారంతో పోటీపడే రేసులో) దాదాపు 50 నుంచి 80 సెకన్లు కలిసొస్తుందని తేల్చారు. అంతకు చాలా ముందు, 1980లలో, చెస్టర్ కైల్ అనే ఇంజనీరింగ్ ప్రొఫెసర్ చూసినప్పుడు తేలింది ఐదు సెకన్లే. రెండింటికీ అంత తేడా ఉందంటే ఏ అంకెనూ గుడ్డిగా పట్టుకోనక్కర్లేదు. ఇవన్నీ పక్కన పెడితే అసలు కారణం అలవాటు. ఆ గుంపులో కాళ్ళు నున్నగా లేకపోతే వీడు కొత్తవాడని చూడగానే తెలిసిపోతుంది, అంతే.

మీకు ఆ గాలి లెక్క అస్సలు పనికిరాదు. గాలిని చీల్చుకుని వెళ్ళడానికి కావలసిన శక్తి వేగం ఘనంతో పెరుగుతుంది. గంటకు 40 కిలోమీటర్ల దగ్గర గాలికి పెట్టే శక్తిలో 12 కిలోమీటర్ల దగ్గర పెట్టేది సుమారు 37వ వంతు. అనంతగిరి ఎక్కుడులో మీరు పోయే వేగం ఆ పన్నెండు కూడా ఉండదు. అక్కడ మిమ్మల్ని వెనక్కి లాగేది మొరం నేల, టైరు, ఇంకా మన పొట్ట.

మౌంటెన్ బైకర్లలో కూడా షేవ్ చేసేవాళ్ళు లేకపోలేదు. ఎక్కుడు, దిగుడు రెండూ ఉండే క్రాస్ కంట్రీ రేసర్లు, అంటే 1996 అట్లాంటా నుంచి ఒలింపిక్స్‌లో కనిపిస్తున్నవాళ్ళు, రోడ్ రేసర్లలాగే లైక్రా వేసుకుని నున్నటి కాళ్ళతో ఉంటారు. వాళ్ళలో చాలామంది రోడ్ రేసులు కూడా చేస్తారు. ప్యాడ్లు వేసుకుంటే ఎక్కుడులో బరువు, వేడి. కొండ దిగడంలోనే పోటీపడే డౌన్‌హిల్ వాళ్ళది ఇంకో లోకం. ఒంటికి అతుక్కుపోయే లైక్రా బట్టలను డౌన్‌హిల్ రేసుల్లో అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య యూసీఐ నిబంధనలే ఒప్పుకోవు. వదులు ప్యాంటు, ఫుల్‌ఫేస్ హెల్మెట్, మోకాళ్ళకు ప్యాడ్లు. ప్యాంటు కింద వెంట్రుకలున్నాయో లేవో ఎవరికి కావాలి? ఇన్‌స్టాగ్రామ్‌లో మొదటి రకం ఫొటోలు చూసి రెండో రకం దారుల్లోకి దిగేవాళ్ళే ఎక్కువగా దెబ్బలు తింటున్నారు. అసలు ఈ ఆట మొదలుపెట్టినవాళ్ళు 1976లో కాలిఫోర్నియాలో రీప్యాక్ అనే ఏటవాలు మట్టిదారిలో రేసులు పెట్టుకున్నప్పుడు జీన్సు ప్యాంట్లు, పని బూట్లు వేసుకుని దిగారు. వాళ్ళకు మంచి బ్రేకుల్లేకపోయినా, మోకాలికి అడ్డంగా ఒక గుడ్డ ఉండాలన్న ఇంగితం మాత్రం ఉంది.

ఇప్పుడు ఇన్ఫెక్షన్ మాట. వెంట్రుకలుంటే మట్టి అతుక్కుంటుంది, తీసేస్తే శుభ్రంగా ఉంటుంది అనేది వినడానికి బాగానే ఉంటుంది. ఆసుపత్రుల్లో కూడా ఒకప్పుడు ఇలాగే అనుకుని ఆపరేషన్‌కు ముందు రేజరుతో గీకేసేవాళ్ళు. తీరా చూస్తే గీకినవాళ్ళలోనే ఇన్ఫెక్షన్లు ఎక్కువ వచ్చాయి. బ్లేడు కంటికి కనిపించని గాట్లు పెడుతుంది, వాటిలో చర్మం మీదుండే బాక్టీరియా చేరి పెరుగుతుంది. అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016 మార్గదర్శకాల్లో ఆపరేషన్‌కు ముందు వెంట్రుకలు తీయకండి, తీయక తప్పకపోతే క్లిప్పర్‌తో మాత్రమే కత్తిరించండి, రేజరు వద్దు అని గట్టిగా చెప్పింది. ఆపరేషన్ థియేటర్‌లోనే వద్దన్న రేజరును శనివారం రాత్రి కాళ్ళంతా తిప్పి, ఆదివారం పొద్దున పేడ, బురద, మొరం దుమ్ములో దిగడం ఏ లెక్కన శుభ్రత?

దెబ్బ త్వరగా మానుతుందన్న మాటకు కూడా ఆధారం లేదు. పైపైన గీసుకుపోయిన చోట కొత్త చర్మం చాలావరకు వెంట్రుకల కుదుళ్ళ నుంచే పుట్టుకొస్తుంది. షేవ్ చేస్తే పైన కనిపించేది పోతుంది, కుదురు అలాగే ఉంటుంది. కాబట్టి లాభమూ లేదు, నష్టమూ లేదు. గాయం కడగడం, టేపు తీయడం తేలికవుతుంది, అది మాత్రం నిజం. పనిలో పని, ఒకసారి షేవ్ చేస్తే దట్టంగా మొలుస్తాయని మీ ఇంట్లో ఎవరైనా అంటే, మిల్డ్రెడ్ ట్రాటర్ అనే శాస్త్రవేత్త 1928లోనే కొలిచి చూసి అదేం లేదని తేల్చిందని చెప్పండి. కొన మొద్దుగా తెగడం వల్ల గరుగ్గా తగులుతుంది, అంతే.

పురుగుల విషయంలో అయితే వెంట్రుకలే మన పక్షం. ఇంగ్లండ్‌లో షెఫీల్డ్ యూనివర్సిటీ వాళ్ళు 2011లో కొందరికి ఒక చెయ్యి షేవ్ చేసి, రెండో చెయ్యి అలాగే వదిలి, రెండింటి మీదా నల్లులను వదిలారు. వెంట్రుకలున్న చేతి మీద పాకుతున్న సంగతి త్వరగా తెలిసిపోయింది. పిడుదులకూ ఇది వర్తిస్తుందనే నా నమ్మకం. చలికాలం నుంచి వేసవి దాకా శివమొగ్గ, చిక్కమగళూరు అడవుల్లో తొక్కడానికి వెళ్ళే మనవాళ్ళు దీన్ని గుర్తుపెట్టుకోవాలి. 1957లో శివమొగ్గ జిల్లా క్యాసనూరు అడవిలో బయటపడ్డ క్యాసనూరు జ్వరం పిడుదుల ద్వారానే వస్తుంది. అక్కడికి వెళ్తే పొడుగు ప్యాంటు, సాక్సు ప్యాంటు మీదికి, రైడ్ అయ్యాక మోకాలి వెనక, గజ్జల్లో వెతుక్కోవడం. జ్వరం వస్తే డాక్టరుకు ఏ అడవికి వెళ్ళారో కూడా చెప్పండి.

సరే, మీ దెబ్బ దగ్గరికి వద్దాం. మోకాలి కింద ముందు భాగాన్ని వేలితో తడిమి చూడండి. పలచని చర్మం, దాని కిందే ఎముక. కండ, కొవ్వు ఏమీ ఉండవు. అందుకే అక్కడ చిన్న దెబ్బకే చర్మం చీలిపోతుంది, మానడానికి మిగతా చోట్ల కంటే ఎక్కువ రోజులు పడుతుంది. ఫ్లాట్ పెడల్‌కు, అంటే బూటును బిగించకుండా పాదం ఊరికే ఆనించే పెడల్‌కు, ఉండే పిన్నులు నాలుగైదు మిల్లీమీటర్ల పొడుగుంటాయి. కాలు జారగానే రెండో కాలి బరువుకు పెడల్ బిగించిన కడ్డీ (క్రాంకు) గిర్రున తిరిగి పెడల్ వచ్చి ఎముక మీద కొడుతుంది. వరుసగా మూడు నాలుగు చుక్కలు, వాటి నుంచి కిందికి గీతలు: మీ కాలి మీద ఇప్పుడు ఉన్న గుర్తు ఇదే అయ్యుండాలి.

కాలు ఎందుకు జారిందో చూడండి. కొత్తవాళ్ళలో నూటికి తొంభై మంది రన్నింగ్ షూస్‌తోనే వస్తారు. వాటి అడుగు గట్టిగా, గాడులు గాడులుగా, మధ్యలో వంపుతో ఉంటుంది. పిన్నులకు పట్టు దొరకదు. ఫ్లాట్ పెడల్ కోసం చేసిన బూటు అడుగు చదునుగా, మెత్తటి రబ్బరుతో ఉంటుంది, పిన్ను దాంట్లో దిగి కూర్చుంటుంది. ఫైవ్ టెన్ లాంటి కంపెనీలు పేరు తెచ్చుకున్నది ఈ రబ్బరుతోనే. అంత పెట్టలేకపోతే అడుగు చదునుగా ఉన్న స్కేట్‌బోర్డ్ రకం బూట్లు కూడా రన్నింగ్ షూస్ కంటే ఎంతో నయం. రెండోది మడమ. దిగుడులో, రాళ్ళ మీద పోయేటప్పుడు మడమలు కిందికి దించి ఉంచితే సైకిలు ఎగిరినప్పుడు పాదం పెడల్‌ను వదలదు. వేళ్ళ మీద నిలబడితే మొదటి గతుకుకే వదిలేస్తుంది. వానాకాలంలో పెడల్‌కు పట్టిన ఎర్రమట్టిని దిగుడు మొదలుపెట్టే ముందు గీకేయండి. తడి మొరం ఆరితే పిన్నుల మధ్య సిమెంటులా గట్టిపడుతుంది, ఇక పిన్నులు ఉన్నా లేనట్టే.

బూటును పట్టి ఉంచే క్లిప్ పెడల్స్‌కు మారితే షిన్ (మోకాలి కింద ముందు ఎముక) దెబ్బలు చాలావరకు ఆగిపోతాయి. అయితే కొత్తలో బూటు విడిపించుకోవడం రాక, నిలబడ్డ చోటే పక్కకు ఒరిగి పడతారు, ఆ బరువంతా మోకాలి మీద, తుంటి మీద పడుతుంది. ఇప్పుడే వద్దు. ముందు కొన్నాళ్ళు ఫ్లాట్ పెడల్ మీదే పాదం నిలబెట్టడం నేర్చుకోండి.

ఈలోపు షిన్‌కు ఏదో ఒక అడ్డం కావాలి. మోకాలి నుంచి చీలమండ దాకా వచ్చే పెద్ద గార్డులు బైక్ పార్కుల్లో, లిఫ్టులో పైకెళ్ళి కిందికి దిగే చోట బాగుంటాయి. మన ఎండలో వాటితో గుట్ట ఎక్కితే ఉడికిపోతారు. ఫుట్‌బాల్ ఆడేవాళ్ళు సాక్సు కింద పెట్టుకునే షిన్ గార్డు చాలు. తక్కువ ధర, ఏ స్పోర్ట్స్ షాపులోనైనా దొరుకుతుంది, పొడుగు సాక్సు లాగితే కదలదు. పిన్ను దెబ్బకు అంతకు మించి అక్కర్లేదు. కాలు జారడం ఆగాక అది కూడా తీసేయొచ్చు. ఇంకో చిన్న మాట: కుడి పిక్క లోపలి వైపు చైన్‌రింగ్ (పెడల్స్ దగ్గరి పళ్ళ చక్రం) పళ్ళు దిగి నల్లటి మచ్చలు పడుతుంటాయి. సైకిలు మోసుకుని బండలు ఎక్కేటప్పుడు జరిగేది ఇది. చైన్‌రింగ్‌కు పళ్ళను కప్పే బ్యాష్‌గార్డ్ బిగిస్తే ఆ బాధ వదులుతుంది.

మోకాలి ప్యాడ్ విషయంలో మాత్రం పిసినారితనం వద్దు. షిన్ చీలితే మానుతుంది. మోకాలి చిప్ప పగిలితే నెలలు పడుతుంది, ఆ తర్వాత మెట్లు ఎక్కిన ప్రతిసారీ గుర్తు చేస్తుంది. హైదరాబాద్ చుట్టూ ఉన్నది గ్రానైట్. గచ్చిబౌలి వైపు బండల మీద మోకాలు ఆనితే ప్యాంటు, చర్మం రెండూ ఒకేసారి పోతాయి.

ప్యాడ్ కొనేటప్పుడు బ్రాండ్ పేరు కంటే లోపల కుట్టిన చీటీ చూడండి. ఈఎన్ 1621-1 అని ఉండాలి. ఇది మోటార్‌సైకిల్ రైడర్ల ప్యాడ్లకు యూరప్‌లో పెట్టిన ప్రమాణం, మంచి మౌంటెన్ బైక్ ప్యాడ్లు కూడా దీని కిందే పాసవుతాయి. 5 కిలోల బరువును 50 జౌల్స్ శక్తితో ప్యాడ్ మీద పడేసి, అవతలి వైపుకు ఎంత దెబ్బ దాటిందో కొలుస్తారు. సగటున 35 కిలోన్యూటన్లకు లోపు అయితే లెవెల్ 1, 20కి లోపు అయితే లెవెల్ 2. ఇరవై కిలోన్యూటన్లంటే దాదాపు రెండు టన్నుల బరువు మోపినంత, కాబట్టి లెవెల్ 2 ఉంది కదా అని ధైర్యంగా దూకేయకండి. అదే చీటీలో ఇంగ్లీషు అక్షరాలుంటాయి: 'కె' అంటే మోకాలు, 'కె ప్లస్ ఎల్' అంటే మోకాలితో పాటు కింది ఎముక కూడా. మన వాతావరణానికి ముఖ్యమైనది 'టి ప్లస్' అనే గుర్తు. ప్యాడ్‌ను 40 డిగ్రీల వేడిలో ఉంచి కూడా పరీక్షించారని దానర్థం. మెత్తటి ఫోమ్ ప్యాడ్లు వేడికి ఇంకా మెత్తబడతాయి. ఏప్రిల్‌లో కారు డిక్కీలో పెట్టుకుని వికారాబాద్ దాకా తీసుకెళ్ళిన ప్యాడ్ ఏ స్థితిలో ఉంటుందో ఆలోచించండి. డిక్కీలో వద్దు, ఏసీ ఉన్న వైపు పెట్టుకోండి.

డీ3ఓ లాంటి పదార్థాల గురించి మీరు వినే ఉంటారు. డీ3ఓ కంపెనీ బ్రిటన్‌లో 1999లో మొదలైంది. ఈ పదార్థం మామూలుగా మెత్తగా వంగుతుంది, దెబ్బ పడ్డ క్షణంలో గట్టిపడుతుంది. మొక్కజొన్న పిండి నీళ్ళలో చిక్కగా కలిపి మెల్లగా వేలు ముంచితే దిగుతుంది, గుద్దితే రాయిలా తగులుతుంది చూడండి, అదే సూత్రం. ఇలాంటి ప్యాడ్లు వేసుకుని ఎక్కుడు తొక్కొచ్చు. పైన గట్టి ప్లాస్టిక్ చిప్ప ఉన్నవి రాళ్ళ మీద జారిపోతాయి, పట్టుకుని మోకాలిని మెలితిప్పవు. ఆ గుణం నాకిష్టం, కానీ తొక్కడానికి అడ్డం. మీరు ఎక్కడం దిగడం రెండూ చేస్తున్నారు కాబట్టి మెత్తటివే తీసుకోండి. రెండూ కావాలంటే పలచని చిప్ప కుట్టిన మెత్తటి రకాలు కూడా ఉన్నాయి.

సైజు దగ్గరే అందరూ బోల్తా పడతారు. షాపులో నిలబడి తొడుక్కుంటే ప్రతిదీ బాగానే ఉంటుంది. కూర్చుని మోకాలు పూర్తిగా వంచండి, పదిసార్లు గుంజిళ్ళు తీయండి. చిప్ప మీద నుంచి ప్యాడ్ పక్కకు జరిగితే వద్దు. మోకాలి వెనక మడతలో గుడ్డ ముద్దకట్టినా వద్దు, అక్కడ ఒరుసుకుని అరగంటలో మంట మొదలవుతుంది. తొడ దగ్గరి పట్టీ వదులైతే కిందికి జారిపోతుంది. మరీ బిగిస్తే కాలు తిమ్మిరెక్కుతుంది. ఆన్‌లైన్‌లో కొంటే కంపెనీ చెప్పిన చోట, అంటే మోకాలి చిప్పకు పైన ఎన్ని సెంటీమీటర్ల దగ్గర కొలవమంటుందో అక్కడే టేపు పెట్టి కొలవండి. ఒక్కో కంపెనీది ఒక్కో లెక్క, టీ షర్టు సైజులా ఊహించొద్దు.

ఇక్కడే వెంట్రుకలు మళ్ళీ రంగంలోకి వస్తాయి. చాలా ప్యాడ్లకు పై అంచులో సిలికాన్ పట్టీ ఉంటుంది, అది జారకుండా చర్మాన్ని పట్టుకుంటుంది. కాళ్ళ మీద దట్టంగా ఉన్నవాళ్ళకు ఆ పట్టీ వెంట్రుకల్ని లాగుతుంది. చెమట, దుమ్ము, ఒరిపిడి మూడూ కలిసి కుదుళ్ళ దగ్గర ఎర్రటి పొక్కులు లేస్తాయి. కొందరికి అవి సెగ్గడ్డలవుతాయి. దీనికి తీయాల్సింది కాలు మొత్తం కాదు, పట్టీ పడే నాలుగు వేళ్ళ మేర మాత్రమే. ట్రిమ్మర్‌కు 3 మిల్లీమీటర్ల గార్డు పెట్టి పొట్టిగా కత్తిరిస్తే సరిపోతుంది. నేను చేసేది కూడా అంతవరకే. పొక్కులు కాకుండా ప్యాడ్ ఆకారంలోనే దద్దుర్లు, దురద వస్తే అనుమానించాల్సింది నియోప్రీన్ రబ్బరును. దాని తయారీలో వాడే థయోయూరియా రకం రసాయనాలు కొందరి ఒంటికి పడవు. అలాంటప్పుడు క్రీములు రాస్తూ కూర్చోకుండా గుడ్డతో కుట్టిన ప్యాడ్‌కు మారండి. ప్యాడ్‌ను రైడ్ అయిన రోజే ఉతికి నీడలో ఆరేయండి. వారమంతా బ్యాగులో మగ్గిన ప్యాడ్ కంపు సంగతి వదిలేసినా, ఆ బాక్టీరియా వచ్చే ఆదివారం మీ చర్మం మీదికే ఎక్కుతుంది.

అయినా సరే కాళ్ళు నున్నగా ఉంటేనే బాగుంటుంది అనిపిస్తే చేసుకోండి, తప్పేముంది. మా ఇంట్లో ఒక కజిన్ చేసుకుంటే "కాళ్ళకు కూడా తిరుపతి మొక్కుందా?" అని అడిగారు. నవ్వి ఊరుకున్నాడు, ఇప్పటికీ చేసుకుంటాడు. కాకపోతే రైడ్‌కు రెండు మూడు రోజుల ముందే చేయండి, గాట్లు పూడుకోవడానికి సమయం ఇవ్వండి. మొదట ట్రిమ్మర్‌తో పొట్టి చేసి, వేడినీళ్ళ స్నానం అయ్యాక నురగ పట్టించి, కొత్త బ్లేడుతో వెంట్రుక మొలిచిన దిశలోనే గీకండి. ఎదురు గీకితే నున్నగా వస్తుంది కానీ వెంట్రుక లోపలికే తిరిగి మొలిచి చీము పడుతుంది. మానని గాయం చుట్టూ, గీరుకుపోయిన చోట బ్లేడు పెట్టొద్దు. హెయిర్ రిమూవల్ క్రీము అయితే ముందు రోజు కొంచెం చోట రాసి చూసుకోండి. షుగర్ ఉన్నవాళ్ళు రేజరు జోలికి పోకుండా ట్రిమ్మర్‌తో సరిపెట్టుకోవడం మంచిది, కాలి మీద చిన్న గాటు కూడా వాళ్ళకు చిన్నది కాదు.

అమెరికాలో ఉండి ఇది చదివేవాళ్ళకు ఒక మాట. కాలిఫోర్నియాలోని బే ఏరియా దారుల పక్కన పాయిజన్ ఓక్ అనే మొక్క ఉంటుంది. మన నల్లజీడి, జీడిమామిడి కుటుంబానికి చెందినదే. నల్లజీడి రసం తగిలితే ఎలా బొబ్బలెక్కుతుందో ఊళ్ళో పెరిగినవాళ్ళకు తెలుసు, ఇదీ అంతే. రైడ్ కాగానే కాళ్ళు సబ్బుతో రుద్ది కడగాలి, బట్టలు, ప్యాడ్లు విడిగా ఉతకాలి. అప్పుడే గీకిన చర్మంతో అందులోకి వెళ్ళారంటే ఆ వారం నిద్ర ఉండదు.

మన దగ్గర అసలు శత్రువు ముళ్ళు. సర్కారు తుమ్మ, రేగు కంప, పల్లేరు. వీటికి ప్యాడ్ చాలదు, షేవింగ్‌కు ఏ సంబంధమూ లేదు. పలచని నైలాన్ లేదా పాలిస్టర్ రైడింగ్ ప్యాంటు వేసుకోండి, మోకాలి దగ్గర లోపల ప్యాడ్ పట్టేంత వదులుండాలి. ట్రాక్ ప్యాంటు అయినా ఫరవాలేదు, కుడి కాలి అంచును వెల్క్రో పట్టీతో బిగించకపోతే చైన్ లాక్కుంటుంది. జీన్సు వేసుకుంటే చెమటకు బరువెక్కి మోకాలి దగ్గర పట్టేస్తుంది. ముల్లు గుచ్చుకుని విరిగితే, ముఖ్యంగా మోకాలి కీలు దగ్గర, పైన మానిపోయింది కదా అని వదిలేయకండి. తుమ్మ ముల్లు ముక్క కీలు పొరలో ఉండిపోతే వారాల తర్వాత మోకాలు వాచి వంగకుండా అవుతుంది. అప్పటికి ముల్లు సంగతి మనకు గుర్తుండదు, డాక్టరు అడగరు, కీళ్ళవాతం మందులు మొదలవుతాయి. మెటల్ కాదు కాబట్టి ఎక్స్‌రేలో కూడా కనిపించకపోవచ్చు, అల్ట్రాసౌండ్‌లో కనిపిస్తుంది. ముల్లు గుచ్చుకున్న విషయం మీరే నోరు తెరిచి చెప్పాలి.

గాయమైతే చేయాల్సిన మొదటి పని కడగడం, అక్కడికక్కడే. తాగే నీళ్ళ సీసా మూతకు పిన్నీసుతో రంధ్రం చేసి గట్టిగా నొక్కితే సన్నటి ధార వస్తుంది, దాంతో మొరం నుసి అంతా కొట్టుకుపోయేదాకా కడగండి. నుసి లోపల ఉండిపోతే చర్మం దానిపైనే మూసుకుని, పచ్చబొట్టులా నల్లటి మచ్చ మిగులుతుంది. తర్వాత తీయించడం కష్టం. హైడ్రోజన్ పెరాక్సైడ్, స్పిరిట్ పోస్తే క్రిములతో పాటు కొత్త చర్మం కణాలూ చస్తాయి. పసుపు, కాఫీ పొడి, గడ్డి చామంతి ఆకు పసరు మన అమ్మమ్మలు పెట్టిన మాట నిజమే, కానీ మట్టి నిండిన లోతు గాయంలో ఇంకో పొడి కూరడం వద్దు. తర్వాత గాలికి ఆరబెట్టాలని చాలామంది అంటారు. 1962లో జార్జ్ వింటర్ పందుల మీద చేసిన పరీక్షల్లో తడి ఆరకుండా కప్పి ఉంచిన గాయాలు, ఆరనిచ్చిన వాటికంటే దాదాపు రెట్టింపు వేగంగా మానాయి. కాబట్టి పలచగా వ్యాజిలిన్ రాసి, అతుక్కోని డ్రెస్సింగ్ వేసి, రోజూ మార్చండి. మట్టి గాయం, చివరి టీటీ వేయించుకుని ఐదేళ్ళు దాటింది అంటే మళ్ళీ వేయించుకోవాలి. ఇప్పుడు దాని బదులు టీడీ అని ఇస్తున్నారు, అదే పని చేస్తుంది. మోకాలి మీద గంటు పడి, అందులోంచి లేత పసుపు రంగులో జిగురు ద్రవం కారుతుంటే కీలు లోపలిదాకా తెగిందేమోనని అనుమానించాలి. ఇంట్లో డ్రెస్సింగ్ చేసుకోకుండా నేరుగా ఎముకల డాక్టరు దగ్గరికి వెళ్ళండి.

మీ ఇప్పటి దెబ్బకు వారమైంది అన్నారు. పక్కు కట్టి, చుట్టూ గులాబీ రంగు సన్నటి అంచు ఉంటే బాగానే మానుతోంది, గిల్లకండి. అంచు ఎర్రగా పెరుగుతూ పోతున్నా, తాకితే వేడిగా ఉన్నా, చీము కనిపించినా ఆదివారం రైడ్ మానేసి డాక్టరుకు చూపించండి. టీటీ సంగతి మీరు రాయలేదు, వేయించుకోకపోతే ఈ రోజే వెళ్ళండి. మచ్చ మీద ఎండ పడితే మన రంగుకు నెలల తరబడి నల్లగా ఉండిపోతుంది, కప్పి ఉంచండి. బూట్లు ముందు కొనండి, జీతం పడ్డాక ప్యాడ్లు. షిన్ గార్డు తొడిగి చూసేటప్పుడు దాని అంచు సరిగ్గా ఆ గాయం మీద ఒరుసుకోకుండా ఉందో లేదో చూసుకోండి.